ఆఖరి బస్సు వెళ్ళిపోయాక...

మా పుట్టిల్లు విజయనగరం. అక్కడికి భీమిలి సముద్రం ఎంతో దూరం కాదు. అయినా నా పెళ్ళయ్యేదాకా సముద్రాన్ని సాయంత్రం పూట చూడలేదంటే నమ్ముతారా?

మా ఇంట్లో సముద్రం అంటే మాఘ పౌర్ణమి. ఇంకా చీకటుండగానే లేచి, పులిహోర డబ్బా, పొడిబట్టల సంచీ పట్టుకుని తగరపువలస మీదుగా బస్సులో వెళ్ళేవాళ్ళం. మూడు మునకలు, సూర్యుడికి దణ్ణం, తడిచీర మార్చుకునేవాళ్ళకి చుట్టూ నలుగురు దుప్పటి పట్టుకుని నిలబడ్డం, మళ్ళీ బస్సు. అంతే. సముద్రం పుణ్యానికే గానీ చూడ్డానికి కాదు. ఊరికే ఇసకలో కూర్చుంటే 'పనీపాటా లేదా?' అనేది మా బామ్మ.

అమ్మకి మాత్రం ఇంకో సముద్రం ఉండేది. కొత్తగా పెళ్ళైన రోజుల్లో, 1978లో, 'మరో చరిత్ర' చూసింది. బాలచందర్ గారు ఆ సినిమాని మన వైజాగ్, భీమిలి చుట్టుపక్కలే తీశారు కదా. ఏడాదికోసారి తను మునకలేసే నీళ్ళే తెర మీద కమల్ హాసన్, సరితల వెనక కనబడేసరికి ఒళ్ళు ఝల్లుమందట. "రోజూ చూసే మనిషే ఫొటోలో అందంగా కనబడినట్టు అనిపించిందే" అనేది.

ఒక్క సాయంత్రం అక్కడికి తీసుకెళ్ళమని నాన్నని అడిగింది. నాన్న రెండు ముక్కలు చెప్పారట. ఒకటి, "ఆఖరి బస్సు తప్పితే రాత్రికి ఎక్కడుంటాం?" రెండోది, "ఆ సినిమా వచ్చాక అక్కడ ఎవరెవరు చేరుతున్నారో తెలుసా? సంసారులు వెళ్ళే చోటు కాదు." చిత్రం చూడండి. అమ్మకి సముద్రం మీద మనసు పుట్టించింది సినిమాయే, ఆ దారి మూసేసిందీ సినిమాయే! అమ్మ మళ్ళీ అడగలేదు. నేనేమో బీయేలో అష్టాదశ వర్ణనల్లో సముద్రం ఒకటని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అమ్మకి చూడాలని ఉందేమో అని ఒక్కసారీ అడగలేదు.

అదే కథని బాలచందర్ గారే 1981లో హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా గోవాలో తీశారు. ఆ సినిమాతో దోనా పౌలా పేరు దేశమంతా తెలిసింది. ఇరవై ఏళ్ళకి, 2001లో, 'దిల్ చాహ్‌తా హై' వచ్చింది. ఈ రెండింటికీ ఒక తేడా ఉంది, గమనించారా? మొదటి సినిమాలో ప్రేమికులు సముద్రం ఒడ్డునే ఉంటారు. రెండోదాంట్లో ముగ్గురు స్నేహితులు కారేసుకుని సముద్రం దగ్గరికి వెళతారు. గోవా ఎంత ముఖ్యమో, అక్కడికి వెళ్ళే రోడ్డూ అంతే ముఖ్యం. వాళ్ళు కూర్చున్న చపోరా కోటని ఇప్పటికీ ఆ సినిమా పేరుతోనే పిలుస్తారు. 2018లో 'ఈ నగరానికి ఏమైంది' చూసొచ్చి మా అబ్బాయి కూడా అదే పాట, "అమ్మా, ఫ్రెండ్సందరం గోవా వెళతాం!" ఇంటర్ అయితే చూద్దాంలే అన్నాను.

సినిమా ఆశ పెడుతుంది సరే, మరి తీసుకెళ్ళేదెవరు? అంబాసిడర్ కోసం బుక్ చేసి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే కాలంలో, 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మధ్యతరగతి వాళ్ళూ కారు కొనుక్కోవచ్చు అనిపించింది. మా ఇంటిదాకా రావడానికి దానికి ఇంకో ఇరవై మూడేళ్ళు పట్టింది లెండి! 2006లో మావారు సెకండ్‌హ్యాండ్‌లో ఒక తెల్ల మారుతి కొన్నారు. అప్పటికి నాన్న పోయి రెండేళ్ళు.

ఆ మాఘ పౌర్ణమికి అమ్మని పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి బయల్దేరదీశాను. మోకాళ్ళ నెప్పులతో బస్సు మెట్లెక్కలేని మనిషి, మావారి పక్క సీట్లో దర్జాగా కూర్చుంది. వెనక నేను, మూడేళ్ళ మా వాడు, దుప్పటి, పులిహోర, మంచినీళ్ళు. ఎవరేమంటారోనన్న బెంగ లేదు. చేత్తో మోయాల్సిన బరువూ లేదు.

భీమిలిలో ఇసక మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. ఐదున్నర కాగానే అమ్మ కంగారుగా లేవబోయింది, "బస్సు..." అంటూ. "మనకి బస్సు లేదమ్మా" అన్నాను. నవ్వేసి కూర్చుంది.

కాసేపటికి సముద్రంలోంచి చంద్రుడు లేచాడు. ఎర్రగా, ఇంత పళ్ళెమంత. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఇన్నేళ్ళూ పౌర్ణమికే వచ్చాం గదే. ఒక్కసారీ చంద్రుణ్ణి చూడకుండానే వెళ్ళిపోయాం."

నాకు నాన్న మీద కోపం వచ్చింది. అదే అన్నాను కూడా. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన మాత్రం చూశారా? ఆ ఆఖరి బస్సు భయం ఆయనదీను" అంది. నేను నోరు మూసుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. అమ్మ ఆ రోజు మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్ళు తాగలేదు. ఎందుకో ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా! కారు ఎంత దూరమైనా తీసుకెళుతుంది గానీ, అక్కడ బాత్రూమ్ ఉండాలిగా. 2020లో మన ఋషికొండకి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందన్నప్పుడు అందరూ నీళ్ళ శుభ్రత గురించి మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ గుర్తింపుకి మరుగుదొడ్లు కూడా ఉండాలన్న సంగతే గొప్పగా తోచింది. ఆదివారం బీచ్ రోడ్డు మీద కార్ల వరసనీ, వాళ్ళు వదిలేసి వెళ్ళే ప్లాస్టిక్ కవర్లనీ చూస్తే నాకూ విసుగే. కానీ ఏ కారు తలుపు తీసుకుని ఏ పెద్దావిడ దిగుతుందో అని ఒక్క క్షణం ఆగి చూస్తాను.

ఈసారి పౌర్ణమికి మీ అమ్మగారినో, అత్తగారినో ఓ సాయంత్రం తీసుకెళ్ళండి. అడిగితే "ఇప్పుడెందుకే" అంటారు. అయినా తీసుకెళ్ళండి.