ఉప్పు పట్టిన రీలు

మయామీ నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే ఇస్లామొరాడా. ఫ్లోరిడా కీస్‌లో ఫ్లై ఫిషింగ్ పిచ్చోళ్లకి కాశీ లాంటి ఊరు. మోకాలి లోతు నీళ్లలో బోన్‌ఫిష్ నీడలా కదులుతుంది. ఈకలతో కట్టిన ఉత్తుత్తి రొయ్యని నోట కరిచిందా, ఒక్క పరుగులో వంద గజాల దారం లాక్కుపోతుంది. అప్పుడు రీల్లో ఉండే డ్రాగే బ్రేకు. దారం వదలాలి, కానీ పట్టి పట్టి వదలాలి.

నాది అసలు వదల్లేదు. పోయినేడాది ట్రిప్ అయ్యాక రీలు కడక్కుండా, డ్రాగ్ బిగించినట్టే బ్యాగులో పడేశా. లోపల కార్క్ డిస్కు ఉప్పుతో అతుక్కుపోయింది. చేప ఇలా లాగిందో లేదో, లీడర్ టప్‌మని తెగింది. గేలం పాపం దాని నోట్లోనే ఉండిపోయింది. సీల్డ్ డ్రాగ్ కొనాల్సిందని కాసేపు సాకు వెతుక్కున్నా గానీ, తప్పు రీలుది కాదు.

గైడు ఏమీ అనలేదు. తన రీలు నా చేతికిచ్చాడు. సాయంత్రం రేవులో కుళాయి దగ్గర చూపించాడు: మంచినీళ్లు సన్నగా పోయాలి. పైపుతో ఫోర్స్‌గా కొడితే ఉప్పు ఇంకా లోపలికి పోతుంది. తుడిచి, ఆరబెట్టి, నాబ్ పూర్తిగా వదులు చేసి దాచాలి. లేకపోతే డిస్కు నొక్కుకుపోతుంది.

మర్నాడు అతని రీలు గిర్రున తిరిగింది. చేపని నీళ్లలోనే పట్టుకుని గేలం తీసి వదిలేశాం. ఫ్లోరిడాలో బోన్‌ఫిష్‌ని ఉంచుకోకూడదు. నిన్నటిదేమోనని దాని మూతి మాత్రం చూశా. కాదు.