నాలుగు గ్రాముల ఇనుము

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన జంషెడ్‌పూర్ పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది ఇనుమే. 1904లో పి.ఎన్. బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త, మయూర్‌భంజ్‌లోని గోరుమహిషాణి కొండలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని జంషెడ్జీ టాటాకు లేఖ వ్రాశాడు. 1907లో కంపెనీ ఏర్పడింది. 1911 డిసెంబరులో కొలిమి నుంచి తొలి ఇనుము పారింది. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు దిమ్మె తయారయింది. సాక్చి అనే పల్లె 1919లో జంషెడ్‌పూర్ అయింది. దేశం నలుమూలల నుంచి మనుషులు ఆ కొలిమి వెలుగును వెతుక్కుంటూ వచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. బిష్టుపూర్‌లోని శ్రీరామ మందిరం వారి రాకకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉంది.

అయితే ఆ నగరంలో కంటికి కనిపించని ఇనుము మరొకటి ఉంది. కర్మాగారం గేటు దాటి లోనికి వెళ్ళే ప్రతి కార్మికుడూ, సాక్చి బజారులో కూరలు బేరమాడే ప్రతి ఇల్లాలూ తమ దేహంలో దానిని మోసుకు తిరుగుతారు. ఎదిగిన మనిషి ఒంట్లో ఉండే ఇనుము మొత్తం మూడు, నాలుగు గ్రాములు మాత్రమే. కరిగించి పోత పోస్తే ఒక చిన్న మేకు తయారవుతుంది. మనిషి ప్రాణం ఆ మేకుకే వ్రేలాడుతున్నదంటే అతిశయోక్తి కాదు.

కొలిమిలో జరిగేదీ, దేహంలో జరిగేదీ ఒక విచిత్రమైన జంట కథ. ఖనిజంలోని ఇనుము ప్రాణవాయువును గట్టిగా కౌగిలించుకొని ఉంటుంది. ఆ కౌగిలిని విడదీయడమే కొలిమి పని. పైనుంచి ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి పోస్తారు. క్రిందినుంచి వేడిగాలిని బలంగా ఊదుతారు. బొగ్గు మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఖనిజంలోని ప్రాణవాయువును లాగివేసుకొంటుంది. మిగిలిన ఇనుము సుమారు 1500 డిగ్రీల వేడిలో ఎర్రని ప్రవాహమై వెలుపలికి వస్తుంది.

దేహం ఇదే ఇనుముతో, ఇదే ప్రాణవాయువుతో, 37 డిగ్రీల గోరువెచ్చదనంలో పని నడుపుతుంది. రక్తకణంలోని హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తు తన మడతల మధ్య నాలుగు ఇనుప పరమాణువులను పొదివి పట్టుకొంటుంది. ఆ మడతల చాటున ఉన్న ఇనుము తుప్పు పట్టదు. ప్రాణవాయువును వదులుగా పట్టుకొని, అవసరమైన చోట విడిచిపెడుతుంది. ఊపిరితిత్తులలో ముప్ఫై కోట్లకు పైబడిన గాలి తిత్తులున్నాయి. వాటి పలుచని గోడల పక్కగా సాగే రక్తం ప్రాణవాయువును ఎక్కించుకొంటుంది. గుండె నిమిషానికి సుమారు అయిదు లీటర్ల రక్తాన్ని తోస్తుంది. అంటే ఒంట్లోని రక్తమంతా ఇంచుమించు నిమిషానికొకసారి దేహయాత్ర పూర్తి చేస్తుంది. శ్రమించే కండరం వేడెక్కి, అందులో ఆమ్లగుణం పెరిగినప్పుడు హిమోగ్లోబిన్ అక్కడ మరింత ఉదారంగా ప్రాణవాయువును దిగవిడుస్తుంది. అడగకుండానే ఆకలి తెలుసుకొనే తల్లి లక్షణం అది.

ఈ పోలికలో ఒక భయంకరమైన మలుపు కూడా ఉంది. ఖనిజం నుంచి ఇనుమును విముక్తం చేసే కార్బన్ మోనాక్సైడే మనిషి రక్తంలో ప్రవేశిస్తే, ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు మించిన బలంతో హిమోగ్లోబిన్‌లోని ఇనుమును పట్టుకొంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే కొలిముల దగ్గర ఆ వాయువును పసికట్టే పరికరాలను అమర్చుతారు. ఉక్కుకు ప్రాణం పోసేదే మనిషి ప్రాణం తీయగలదు.

ఇంత విలువైన లోహాన్ని దేహం పరమ పొదుపరి వలె వాడుకొంటుంది. ఒక రక్తకణం ఆయువు సుమారు 120 రోజులు. ఎముకల మూలుగలో సెకనుకు ఇంచుమించు ఇరవై లక్షల కొత్త కణాలు పుడుతుంటాయి. అన్నే పాతవి రాలిపోతుంటాయి. ముసలి కణాలను ప్లీహం, కాలేయం విడదీసి, వాటిలోని ఇనుమును తిరిగి మూలుగకు పంపుతాయి. ఇలా రోజుకు ఇరవై మిల్లీగ్రాములకు పైగా ఇనుము చేతులు మారుతుంది. వెలుపలికి పోయేది ఒక మిల్లీగ్రాము మాత్రమే. కొత్త ఇనుమును ఎంత లోనికి రానివ్వాలో కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే హార్మోను నిర్ణయిస్తుంది.

కాని ఎంతటి పొదుపరికైనా రాబడి కంటే ఖర్చు పెరిగితే కొట్టు ఖాళీ అవుతుంది. స్త్రీలకు నెలనెలా రక్తం పోతుంది. గర్భిణి తన ఇనుమును బిడ్డకు పంచి ఇస్తుంది. కొంకిపురుగులు ప్రేగులలో చేరి రక్తం పీలుస్తాయి. మలేరియా రక్తకణాలను పగులగొడుతుంది. ధాన్యాలలో, ఆకుకూరలలో ఉన్న ఇనుము ప్రేగులకు సులభంగా అందదు. భోజనం వెంట త్రాగే టీ దానిని మరింత అడ్డుకొంటుంది. నిమ్మరసం, ఉసిరిక వంటి పులుపు మాత్రం దానికి దారి చేస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో తేల్చిన లెక్క ఇక్కడే మనసును కలచివేస్తుంది. 15 నుంచి 49 ఏళ్ళ వయసు స్త్రీలలో దేశం మొత్తం మీద నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఝార్ఖండ్‌లో ఆ సంఖ్య నూటికి సుమారు 65. ఇనుప కొండల మీద పుట్టి, ఇనుప ఖనిజం తట్టలు మోసిన తల్లుల సంతతి నెత్తురులో ఇనుము కరవు! మెట్లెక్కితే ఆయాసం, చీటికి మాటికి గుండెదడ, తెల్లబారిన కనురెప్పల లోపలి భాగం. వీటిని జబ్బుగా ఎంచేవారు తక్కువ. “ఆడపిల్ల కదా, నీరసం మామూలే” అని ఇంటివారు సరిపెట్టుకొంటారు. ఆ సరిపెట్టుకోవడమే కాన్పు సమయాన ప్రాణాల మీదికి తెస్తుంది. కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకొనే నిల్వ ఆమెకు ఉండదు.

దీనికి మందు అగ్గువైనదే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. గర్భిణులు రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. ఈ రెండవ పదార్థం వెనుక ఒక తెలుగువాని కథ ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, రక్తహీనతతో కృశించే గర్భవతులైన మిల్లు కార్మికులను పరిశీలించింది. ఈస్టు సారం ఇస్తే వారు కోలుకోవడం గమనించింది. ఆ సారంలోని గుణకారి ఫోలిక్ ఆమ్లమేనని తరువాత తేలింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధకులు 1945లో దానిని కృత్రిమంగా తయారుచేశారు. రక్తహీనతను తెచ్చిపెట్టే స్ప్రూ వ్యాధి ఆయన అన్నను బలిగొన్నది. ఆయనను కూడా పీడించి వదిలింది. అంతకు మునుపే ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలసి 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించాడు. ప్రాణవాయువు కణంలోకి చేరాక తయారయ్యే శక్తికి నాణెం అదే.

కొలిమి ముందు నిలిచిన కార్మికుని బలమూ, ఇంట్లో వంటచేసే అతని భార్య ఓపికా ఒకే లోహం పెట్టిన భిక్ష. ఉక్కు దిగుబడిని టన్నులలో లెక్కించి సంతోషించే దేశం, తన స్త్రీల నెత్తురులోని ఇనుమును కూడా అంత శ్రద్ధగా లెక్కించవలసి ఉంది. వేలి కొననుంచి తీసే ఒక్క రక్తపు బొట్టు ఆ లెక్క చెబుతుంది. దానికి పట్టే వ్యవధి కొద్ది నిమిషాలు. కావలసినదల్లా, ఆ నీరసం మామూలు కాదని ఇంట్లో ఒకరు అనడం.