మంచు కరిగే ఎండలు

ఈసారి మాకు మే నెలంతా ముసురే. సియాటిల్ వాన మన తొలకరిలా ఉరిమి దంచిపోయే రకం కాదు. పొద్దున మొదలైన తుంపర సాయంత్రం దాకా పడుతూనే ఉంటుంది. హైదరాబాదు ఎండలు తప్పించుకుందామని ఏప్రిల్‌లో వచ్చిన తల్లిదండ్రులు స్వెట్టర్లు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుని, "ఇక్కడ ఎండాకాలమంటూ ఉందా?" అని అడుగుతుంటారు.

ఉంది. జూన్‌లో ఏదో ఒక వారం మబ్బు విడిపోతుంది. పసిఫిక్ మీంచి వచ్చే చల్లగాలి ఆగి, తూర్పున ఉన్న కాస్కేడ్ కొండల మీంచి గాలి దిగడం మొదలవుతుంది. కొండ దిగేకొద్దీ ఒత్తిడికి ఆ గాలి వేడెక్కుతుంది. రాత్రి తొమ్మిదైనా పొద్దు గూకదు. రెండు మూడు రోజుల్లో ముప్పై డిగ్రీలు దాటేస్తుంది.

2021 జూన్ 28న ఇక్కడి విమానాశ్రయం దగ్గర 42 డిగ్రీలు దాటింది. చలి కోసం కట్టిన ఇళ్లు, అప్పటికి చాలావాటికి ఏసీ లేదు. సరిహద్దు అవతల బ్రిటిష్ కొలంబియాలో ఆ ఎండలకు 619 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది డెబ్బైకి పైబడినవాళ్లు, దాదాపు అందరూ ఇళ్లలోనే పోయారు. అప్పట్నుంచి మనవాళ్లు కలిస్తే ఏసీల మాట వస్తుంది, పెట్టించుకుంటున్నారు కూడా. నదుల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. నా బెంగంతా వాటి గురించే.

నేను మున్నేటి ఒడ్డున పెరిగాను. మే నెలలో మా ఏరంటే ఇసుకే. కాలు పెడితే చుర్రుమనే ఆ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు తేటపడేదాకా ఆగి, కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడేవాళ్లు. ఎక్కడైనా మడుగు మిగిలితే మోకాటి లోతు, గోరువెచ్చని నీళ్లు. పిల్లలూ పశువులూ అందులోనే. వానొస్తే ఏటికి భయపడాలి, ఎండ కాస్తే భయం లేదు. ఇది మాకు ఎవరూ నేర్పక్కర్లేకుండా ఒంటబట్టిన సంగతి.

ఇక్కడ లెక్క తలకిందులు. కింద మా మీద వానగా పడేది పైన కొండల మీద మంచుగా పేరుకుంటుంది. ఎండలు రాగానే అది కరిగి స్నోక్వాల్మీ, స్కైకోమిష్ నదుల్లోకి దిగుతుంది. చుక్క వాన లేని రోజునే నీళ్లు పెరుగుతాయి. ఒడ్డున 32 డిగ్రీల ఎండ, నీళ్లేమో పది డిగ్రీలకు అటూ ఇటూ. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తాయి కాబట్టి లోతు లేదనిపిస్తుంది. చెయ్యి ముంచి కాసేపు ఉంచండి, వేళ్ల ఎముకలు లాగడం మొదలవుతుంది.

అలాంటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకితే ఊపిరి మన వశంలో ఉండదు. గభాల్న ఎగశ్వాస వస్తుంది. ఆ క్షణాన తల మునిగి ఉంటే లోపలికి పోయేది నీళ్లే. అది గట్టెక్కినా, పది నిమిషాలు తిరిగేసరికి కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పుతాయి. గజ ఈతగాడికైనా అంతే. దీనికి తోడు చలికాలం వరదలకు కూలి అడ్డంగా పడ్డ చెట్లు. వాటి కొమ్మల సందుల్లోంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు.

"మాది గోదావరి ఒడ్డు బాబాయ్, ఈత మాకు కొత్తా?" అంటాడు మా అపార్ట్‌మెంట్లో ఎంఎస్ చదివే కుర్రాడు. నిజమే, నాకంటే వాడే బాగా ఈదుతాడు. కానీ వాడు ఈత నేర్చింది వెచ్చటి నీళ్లలో. ఎండలు మొదలయ్యాక ఎక్కడో మన పిల్లాడు నీళ్లలో పోయాడన్న వార్త కనపడినప్పుడల్లా నాకు వీడి మొహమే గుర్తొస్తుంది. అర్ధరాత్రి ఊళ్లో వాళ్లమ్మకు ఫోన్ చేసి ఆ మాట చెప్పడం ఎవరి తరం?

అందుకే వదలకుండా పోరుతున్నాను. ఆగస్టు దాకా ఆగితే లేక్ వాషింగ్టన్, లేక్ సమామిష్ హాయిగా ఈదగలిగేంత వెచ్చబడతాయి, లైఫ్‌గార్డులుండే చోటికి పోవచ్చు అని. ఏటి ఒడ్డున కూర్చుని తినడానికి, కాళ్లు తడుపుకోవడానికి అయితే ఎప్పుడైనా సరే. ఈ శనివారం ఆ కుర్రాడూ వాడి స్నేహితులూ స్నోక్వాల్మీ ఒడ్డున నార్త్ బెండ్ వైపు వెళ్దామంటే నేనూ వస్తానన్నాను. పులిహోర మా ఇంట్లో చేస్తున్నాం. లైఫ్ జాకెట్లు ఇప్పటికే డిక్కీలో పెట్టేశాను. మోకాలు దాటి దిగుతానన్నవాడు ముందు జాకెట్ తొడుక్కోవాలి, గోదావరి ఒడ్డు వాడైనా సరే.