బావమరిది అయస్కాంతం

ఖర్చు తగ్గించే ఉపాయం ఉందని ఎవరైనా చెబితే, ముందు దాని ఖరీదెంత అని అడగడం మా ఇంట్లో ఆనవాయితీ. డబ్బు మిగలాలంటే ముందు కొంత డబ్బు పెట్టమనేవాడి మాట కాస్త నిదానించి వినాలి గదా!

మా బావమరిదికి ఈ నిదానం లేదు. రోజూ బెజవాడ నుంచి గుంటూరుకు కారులో ఉద్యోగానికి వెళ్ళి వస్తుంటాడు. పెట్రోలు పోయించినప్పుడల్లా నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు ఎవరి చెవిన పడిందో గాని, ఒకనాడు రెండున్నర వేలు పోసి ఒక అయస్కాంతం కొని తెచ్చి, పెట్రోలు గొట్టానికి బిగించుకున్నాడు.

"పెట్రోలులో అణువులు గుంపులు గుంపులుగా ఉంటాయి బావగారూ! అయస్కాంతం వాటిని విడదీస్తుంది. ఇక బొట్టు మిగలకుండా మండుతుంది" అన్నాడు మహా ఉత్సాహంగా.

"పెట్రోలు ఇనుము కాదోయ్, అయస్కాంతం మాట వినడానికి. మండడమంటావా, ఈనాటి ఇంజన్లలో పోసిందంతా ఇంచుమించు మండుతూనే ఉంది. ఆ వేడిలో చక్రాల దాకా వచ్చేది మూడోవంతు కంటే తక్కువ. మిగతాది రేడియేటరు నుంచీ పొగగొట్టం నుంచీ పోతుంది. గొట్టానికి తాయెత్తు కడితే ఆ వేడి ఆగుతుందా?" అన్నాను.

అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ 1970ల నుంచి ఇటువంటి సరంజామా నూరింటికి పైగా పరిశీలించిందనీ, చాలా మటుకు వాటివల్ల ఒరిగేదేమీ లేదని తేలిందనీ కూడా చెప్పాను. ఒక్క శాతం మైలేజీ కోసం కోట్లు గుమ్మరించే కారు కంపెనీలు ఇంత చవక అయస్కాంతాన్ని చూస్తూ వదిలేస్తాయా?

"మీరు శాస్త్రం చెబుతారు. నేను లెక్క చూపిస్తాను" అని నోటుబుక్కు తీశాడు. లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చేది, 16 వస్తోంది. అతను అబద్ధమాడే మనిషి కాదు. నా నోరు కట్టుబడింది.

అంతటితో ఆగితే రెండున్నర వేలతో పోయేది. జిల్లాకంతటికీ ఏజెన్సీ ఇస్తామని అమ్మినవాళ్ళు ఆశపెట్టారు. డిపాజిట్టు లక్షన్నర. అది పిల్ల ఇంజనీరింగు ఫీజు కోసం దాచిన డబ్బు.

"మీరైనా చెప్పండి అన్నయ్యగారూ" అంటూ అతని భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను చెప్పవలసిందంతా అప్పటికే చెప్పి ఉన్నాను. చివరకు ఆవిడకే ఒక ఆలోచన తట్టింది. ఏజెన్సీకి ఒక్క నెల ఆగమని భర్తను ఒప్పించింది. మెకానిక్కు చేత గుట్టుగా ఆ అయస్కాంతం తీయించి, పోపులపెట్టె వెనక దాచింది. బానెట్టు ఎత్తి చూసే అలవాటు మావాడికి లేదు.

నెల తిరిగింది. భోజనాల దగ్గర నోటుబుక్కు విప్పి, "చూశారా, ఈ నెల కూడా పదహారే!" అన్నాడు విజయగర్వంతో. ఆవిడ మాట్లాడకుండా అయస్కాంతం తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.

మరి ఆ రెండు కిలోమీటర్లూ ఎక్కడివి? అది బిగించిన రోజునే మెకానిక్కు నాలుగు టైర్లలోనూ గాలి సరిచేశాడు. పైగా నోటుబుక్కు పెట్టిన దగ్గర్నుంచి మావాడు కారు నిదానంగా నడుపుతున్నాడు. ఎగదోసి తొక్కడం, గభాల్న బ్రేకు వేయడం మానేశాడు. సిగ్నలు దగ్గర ఆలస్యమైతే ఇంజను ఆపుతున్నాడు. డబ్బు పోసినవాడు ఫలితం కోసం కనిపెట్టుకుని ఉంటాడు. ఆ కనిపెట్టుకోవడమే పెట్రోలు మిగిల్చింది. పేరు మాత్రం అయస్కాంతానికి దక్కింది.

ఆ రెండు రోజులూ మావాడు ఎవరితోనూ మాట్లాడలేదు. పోయిన రెండున్నర వేలకు కాదు. నెల నెలా కటకటపడే సంసారికి ఎక్కడో ఒక తేలిక దారి ఉందనుకోవడం ఎంతో ఓదార్పు. ఆ ఓదార్పు పోయినందుకు. ఇలాంటివి అమ్మేవాళ్ళు బేరం పెట్టేది ఆ బలహీనతకే గాని పెట్రోలుకు కాదు.

నోటుబుక్కు మాత్రం మానలేదు, పదహారూ తగ్గలేదు. అయస్కాంతం కూడా వృథా పోలేదు లెండి. వాళ్ళ ఫ్రిజ్జు తలుపు మీద పిల్ల ఫీజు రసీదును గట్టిగా పట్టుకుని ఉంది.