మీట బరువు

తుపాకికి ట్రిగ్గర్ ఎట్లాగో, ఎలుక బుట్టకు మీట అట్లాగ. రెండింట్లోనూ బలం దాచిపెట్టి ఉంటుంది. ఆ బలాన్ని ఎంత ఒత్తిడికి వదలాలన్నదే పనితనం. తుపాకులు తెలిసినవాళ్లు దాన్ని ట్రిగ్గర్ బరువు అంటారు. మా నాయన దానికి పేరేమీ పెట్టలేదు. "మీట బరువైంది", "మీట తేలికైంది" అనేవాడు, అంతే.

మా పేట బుచ్చిరెడ్డిపాలెం చివర, కాలువ కట్ట మీద ఉంది. చుట్టూ వరి కయ్యలు. కనిగిరి రిజర్వాయరు నుంచి నీళ్లొస్తే కయ్యలు నిండుతాయి. వరి పెరిగితే గెనిమల్లో పందికొక్కులు చేరతాయి. కొక్కులు చేరితే రైతులకు మేం గుర్తొస్తాం. మేం యానాదులం. పలకా బలపం పట్టకముందే ఈ లెక్క మాకు తెలుసు.

మా గురించి రాసినవాళ్లు ఎక్కువగా పొగకుండ గురించి రాశారు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణాది కులాల మీద వేసిన పుస్తకాల్లో కూడా అది ఉంది. కుండలో గడ్డి కూరి, నిప్పు పెట్టి, మూతిని కలుగుకు ఆనించి, అడుగు బొక్కలోంచి నోటితో ఊదడం. అది దూరం నుంచి కనిపించే పని. బుట్టలో మీట సరిచేయడం కనిపించే పని కాదు. పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం బుట్ట సంగతి చెప్తాం. తాటాకుతో మోచేతి పొడవున సన్నంగా అల్లుతారు. ఒక కొస మూసి ఉంటుంది, ఒక కొస తెరిచి ఉంటుంది. తెరిచిన నోటి దగ్గర తాడు ఉచ్చు. ఆ తాడును పైన వంచిన వెదురు బద్దకు కడతారు. బద్ద ఎప్పుడూ పైకి లేవాలనే చూస్తుంది. దాన్ని ఆపేది చిటికెన వేలంత పుల్ల. అదే మీట. దాని కొస ఒక గాటులో ఆని ఉంటుంది. లోపలి వైపు ఎర కడతారు, వేయించిన వడ్ల మూట గానీ ఎండుచేప ముక్క గానీ. కొక్కు ఎరను లాగితే మీట గాటులోంచి జారుతుంది, బద్ద లేస్తుంది, ఉచ్చు బిగుస్తుంది. రెప్పపాటు పని.

మాకు పది పన్నెండేళ్లప్పటి మాట. సంక్రాంతి దాటి నెల అయింది, వరి పొట్ట మీద ఉంది. కొక్కులు పొట్ట కొట్టే సమయం అదే. ఒక రైతు నాయనను పిలిపించాడు. నలభై బుట్టలు పెట్టాలి, తోకకు రూపాయి. ముందుగా యాభై రూపాయలు ఇచ్చి, హామీగా మా గడ్డపారను తన కొట్టంలో పెట్టించుకున్నాడు. గడ్డపార లేకపోతే మాకు చేతులు లేనట్టే. కలుగు తవ్వాలన్నా, గుంతల కూలికి పోవాలన్నా అదే కావాలి.

నాయన కొత్త మీటలు చెక్కాడు, పచ్చి వెదురుతో. మొదటి రోజు తెల్లారి చూస్తే నలభైలో ఐదే పడ్డాయి. చాలా బుట్టల్లో ఎర లేదు, మీట మాత్రం పెట్టినచోటనే ఉంది. రాత్రి మంచుకు పచ్చి వెదురు ఉబ్బి గాటులో పట్టేసింది. కొక్కులు వడ్లు కొరుక్కుని తిని పోయాయి. "ఎలుకలకు విందు పెట్టినావురా" అన్నాడు రైతు.

నాయనకు రోషం వచ్చింది. ఆ సాయంత్రం గాట్లన్నీ చెక్కి లోతు తగ్గించాడు. ఇప్పుడు ముట్టుకుంటే ఊడేటట్టు అయ్యాయి. ఆ రాత్రి గాలి లేచింది. పొద్దున్నే పోతే నలభై బద్దలూ లేచి నిలబడి ఉన్నాయి. ఒక్క కొక్కూ లేదు. రెండు బుట్టల్లో ఎండ్రకాయలు మాత్రం ఉన్నాయి.

రైతు గెనిమ మీద నిలబడి అన్నాడు: "బద్దలు లేచినై గదరా, ఎలుకలు యాడబోయినై? రాత్రికి రాత్రే తీసకబోయి కాల్చుకు తిన్నారా? వెన్నులు గూడా తెంపినట్టుండారే. స్టేషన్లో చెప్తే వాళ్లే కనుక్కుంటారు."

తిన్నామన్నా మాకు బాధ లేకపోయేది, కొక్కు మాంసం మాకు తిండే. దొంగ అన్న మాట వేరు. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది, మా తెగ మీదా పడింది. 1952లో ఆ చట్టం పోయింది. కానీ మా తాత రాత్రిపూట పేరు పిలిపించుకుని హాజరు చెప్పిన తరం మనిషి. స్టేషన్ అన్న మాట వింటే ముసలితనంలో కూడా లేచి నిలబడేవాడు. నాయనకు ఆ ఊళ్లో సాక్షి ఎవరూ లేరు. మీట ఒక్కటే సాక్షి. అది రైతుకు అర్థం కాదు.

ఆ మధ్యాహ్నం నాయన సంగటి ముట్టలేదు. చింతచెట్టు కింద ఒక బుట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మేం పక్కనే కూర్చున్నాం. అమ్మ అంది, "బద్ద మెత్తది వెయ్యరాదా, మీట తేలిగ్గా వస్తుంది" అని. నాయన తల అడ్డంగా ఊపాడు. బద్ద మెత్తనైతే మీట మీద ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. కానీ లేచేటప్పుడు బలం చాలదు, ఉచ్చు సగం బిగిసి కొక్కు గింజుకుని గింజుకుని పోతుంది. జంతువును సగం చంపి వదలడం తప్పనేవాడు నాయన. బిగువు బద్దలోనే ఉండాలి, తేలిక మీటలోనే ఉండాలి. ఒకదాని పని ఇంకొకదానికి అప్పజెప్పకూడదు.

చాలాసేపటికి ఆయనకు దారి దొరికింది. పచ్చి వెదురు మీటలన్నీ తీసి పారేశాడు. బాగా ఎండిన తుమ్మకట్టె తెచ్చి కొత్తవి చెక్కాడు. మంచుకు అది అంత తొందరగా ఉబ్బదు. మీట ఆనే ముఖాన్ని పెన్నలో దొరికే నున్నని రాయి మీద రుద్దాడు, గోరు జారేదాకా. దానిమీద కాస్త తేనెమైనం పూశాడు. ఇక గాటును మళ్లీ లోతు చేశాడు. లోతుగా ఉంది కాబట్టి గాలికి ఊడదు. నున్నగా ఉంది కాబట్టి కొక్కు లాగితే ఆగదు. లోతు గాలి కోసం, నునుపు కొక్కు కోసం.

తర్వాత రెండు గులకరాళ్లు తీసుకున్నాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఒక్కోదాన్ని గుడ్డపేలికలో కట్టాడు. చిన్నదాన్ని ఎర దారానికి వేలాడదీసి, బుట్టను అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. మీట నిలవాలి. పెద్దదాన్ని వేలాడదీస్తే మీట జారిపోవాలి. చిన్న రాయికే జారితే గాటు ఇంకొంచెం లోతు. పెద్ద రాయికీ జారకపోతే ఇంకొంచెం రుద్దుడు. నలభై బుట్టలూ అట్లాగే చూశాడు. పొద్దు వాలింది. మమ్మల్ని మాత్రం బుట్ట నోటి దగ్గర చెయ్యి పెట్టనివ్వలేదు. ఎర ముందు, బద్ద తర్వాత, మీట అన్నిటికన్నా ఆఖరున. ఆ వరస తప్పితే వేలు పోతుంది.

మూడో రాత్రి కూడా గాలి వీచింది. పొద్దున ముప్పై ఒకటి పడ్డాయి. రైతు తోకలు లెక్కపెట్టుకున్నాడు. ఇంకో రెండు రాత్రులకు అడ్వాన్సు తీరి గడ్డపార మా ఇంటికొచ్చింది. దొంగ అన్న మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. నాయన అడగనూ లేదు.

ఇంటర్‌లో మేం ఎన్‌సీసీలో చేరాం. క్యాంపులో మూడు పూటలా కడుపునిండా పెడతారని చేరాం, దేశభక్తి తర్వాత వచ్చింది. ఫైరింగు రోజు మాకు ఇచ్చిన రైఫిల్ ట్రిగ్గర్ మహా గట్టిగా ఉంది. ఎంత నొక్కినా రాదు, వచ్చేసరికి గొట్టం పక్కకు పోతుంది. గుళ్లన్నీ గురికి ఒక పక్కనే పడ్డాయి. హవల్దారు ఆ రైఫిల్‌ను తీసి పక్కన పెట్టి, ఆయుధాల మెకానిక్కు సరిచేయాలన్నాడు. ఎట్లా చేస్తారని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. లోపల స్ప్రింగు బలంతో ముందుకు దూకాలని చూసే ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఒక కొక్కెం ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం జారుతుంది. ఎంత నొక్కాలన్నది మూడింటి మీద ఉంటుంది: స్ప్రింగు బిగువు, కొక్కెం ఎంత లోతు ఆనింది, ఆనినచోటు ఎంత నునుపు.

మేం నోరు తెరుచుకుని విన్నాం. బద్ద, గాటు, నునుపు. చింతచెట్టు కింద మా నాయన పడిన కష్టం అంతా ఇనుములో ఉంది.

తర్వాత చదివి తెలుసుకున్నాం. వేట రైఫిల్ ట్రిగ్గర్ బరువు మామూలుగా ఒకటిన్నర నుంచి రెండు కిలోల దగ్గర ఉంటుంది. ఖాళీ తుపాకి ట్రిగ్గర్‌కు స్ప్రింగు తాసు తగిలించి, నిదానంగా వెనక్కి లాగి, ఎక్కడ ఊడిందో చూస్తారు. ఒక్కసారి చాలదు, నాలుగైదు సార్లు చూసి సగటు తీస్తారు. బరువైతే గురి చెదురుతుంది. మరీ తేలికైతే కిందపడ్డా, ఎక్కడైనా తగిలినా పేలుతుంది. కొన్నింటికి మరతోనే సర్దుకోవచ్చు. లేనివాటికి ఆనే ముఖాన్ని రాయి మీద అరగదీయాలి. ఒక్క వెంట్రుక ఎక్కువ అరిగితే మళ్లీ రాదు. అందుకే అది లైసెన్సున్న తుపాకి మేస్త్రి చేయాల్సిన పని, ఇంట్లో చేసే పని కాదు. ప్రపంచ షూటింగు పోటీల్లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ 500 గ్రాములకు తగ్గకూడదు. ట్రిగ్గర్‌కు ఆ బరువు వేలాడదీసి, నిలుస్తుందా లేదా అని చూస్తారు. అది చదివినప్పుడు గుడ్డపేలికలో కట్టిన చిన్న రాయి గుర్తొచ్చింది.

పల్లిపాడు డైట్‌లో డిప్లమో చేసి మేం టీచరయ్యాం. మొన్నటేడు ఐదో తరగతికి బలం, రాపిడి చెప్పాల్సి వచ్చింది. పక్క హైస్కూలు నుంచి స్ప్రింగు తాసు అడిగి తెచ్చాం. బుట్ట ఒకటి మేమే తయారుచేశాం. పందికొక్కు అన్న మన తెలుగు మాటనే ఇంగ్లీషువాళ్లు బండికూట్ చేసుకున్నారని చెప్తే పిల్లలు నవ్వారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం 2022 సవరణకు ముందు ఎలుకను కాకితో పాటు హానికర జంతువుల్లో ఉంచిందనీ, మనం చేసింది నేరం కాదనీ చెప్పాం. పేట పిల్లలు మాత్రం తలలు వంచుకుని కూర్చున్నారు. యానాదోళ్లు, ఎలకలు తినేటోళ్లు అన్న మాట వాళ్లకు రోజూ వినపడేదే.

మర్నాడు ఒక పిల్లవాడి తండ్రి బడికి వచ్చాడు. మా పేట మనిషే. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సారూ, నా బిడ్డ దీన్ని చేత్తో పట్టకూడదనే బడికి పంపిస్తి. నువ్వు గూడా అదే నేర్పిస్తే ఎట్టా?"

మాకు జవాబు రాలేదు. ఆయన మాటలో తప్పు లేదు. ఇప్పుడు రైతులు జింక్ ఫాస్ఫైడ్ మందు పెడుతున్నారు. మందు తిన్న కొక్కును మేం తినలేం. బుట్టలకు పిలుపు తగ్గింది. తగ్గిన పనిని పిల్లలకు అంటగట్టడం ఎందుకని ఆయన అనుకుంటే కాదనలేం. ఇది కొక్కులు పట్టడానికి కాదన్నా, కొలవడానికన్నా, మీ అబ్బ చేతిలో ఉన్నది పుస్తకంలో ఉన్నదీ ఒకటేనని చూపడానికి, అని మెల్లగా చెప్పాం.

ఆయన బల్ల మీది బుట్టకేసి చూశాడు. వంగి మీటను వేలితో తాకాడు. అది టప్పున ఊడింది.

"ఎవరు చెక్కింది ఇది?"

"మేమే."

"గాలికే పోతుంది గదా సారూ. మీ నాయన దగ్గర చూళ్లేదా?"

చూశాం గానీ చెయ్యలేదన్నాం. అది నిజం. నాయన మమ్మల్ని కత్తి పట్టనివ్వలేదు, చదువుకోమన్నాడు. కొలవడం మాకు వచ్చింది, చెక్కడం రాలేదు.

ఆయన నేల మీద కూర్చుని కత్తి అడిగాడు. గాటు లోతు చేశాడు, మీట ముఖాన్ని గుమ్మం రాయి మీద రుద్దాడు. పిల్లలు చుట్టూ చేరారు. స్ప్రింగు తాసు తగిలించి నిదానంగా లాగాం. ముందు రోజు 60 గ్రాములకే ఊడింది. ఇప్పుడు 140 దాకా నిలిచి జారింది. ఐదుసార్లు లాగితే ఐదుసార్లూ ఆ చుట్టుపక్కలే. బోర్డు మీద రాశాం.

"ఆ అంకె ఏంది?" అని అడిగాడు కొడుకును.

"నూట నలభై గ్రాములు నాయనా. నువ్వు చెక్కిన మీట బరువు."

ఆయన బోర్డును కాసేపు చూశాడు. కత్తి మాకిచ్చి లేచాడు.

"గాలి రోజుల్లో ఇంకో ఇరవై పెంచాలని గూడా రాయి సారూ" అన్నాడు.