బోండం కొట్టడానికి పన్నెండు బొమ్మలు

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, విశాఖ సీతమ్మధారలో మా వీధి తల్లిదండ్రులు నన్ను ఆపి అడిగే మాట ఒకటుంది. "మావాడు ఎప్పుడూ బొమ్మలేస్తూ కూర్చుంటాడండీ. యానిమేషన్ నేర్పిద్దామనుకుంటున్నాం, ఏ కోర్సులో వేయమంటారు?" ఫీజుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇంట్లో ఉన్న కంప్యూటరు తెరవండి అంటాను. మీకూ అదే చెబుతున్నాను. మీరు చదువుకునే పిల్లలే కానక్కర్లేదు, స్టీల్ ప్లాంటులో రిటైరై తీరిగ్గా ఉన్నవారైనా సరే.

క్రీటా అని బొమ్మలు గీసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. నెల్లాళ్ళు వాడనిచ్చి ఆ తర్వాత డబ్బులడిగే రకం కాదు, పూర్తిగా ఉచితం. వాళ్ళ సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దానికి ధర కనిపిస్తుంది, అది ఆ పని సాగడానికి ఇచ్చే సాయం అనుకోండి. 2015లో వాడేవాళ్ళే తలా కొంత చందా వేసుకుంటే, 2016లో వచ్చిన 3.0 వెర్షన్‌తో అందులో యానిమేషన్ కూడా చేరింది. జపాన్‌లో జిబ్లీ స్టూడియో వాళ్ళు వాడుకున్న టూంజ్ కూడా అదే ఏడాది ఓపెన్‌టూంజ్ పేరుతో అందరికీ ఉచితమైంది. ఇక బ్లెండర్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీసిన లాత్వియా సినిమా 'ఫ్లో' 2025లో ఆస్కార్ తెచ్చుకుంది. కాబట్టి ఉచితంగా దొరికేదాంతో ఏం పనవుతుందిలే అనే అనుమానం పెట్టుకోకండి. మొదటిసారి కూర్చునేవాళ్ళకి మాత్రం నేను క్రీటాయే చెబుతాను. కాగితం మీద గీసే చెయ్యి అందులో తొందరగా కుదురుకుంటుంది.

అయితే కంప్యూటరు ముందు కూర్చునే ముందు ఓ పని చేయండి. రైతుబజారు వైపు వెళ్ళినప్పుడు కొబ్బరి బోండాల బండి దగ్గర కాసేపు నిలబడండి. బోండం తాగడానికి కాదు, కొట్టడం చూడటానికి. అతను ఎడమచేత్తో బోండాన్ని ఒకసారి తిప్పుతాడు. కత్తి పైకి లేస్తుంది. లేచి, భుజం దగ్గర ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది. ఆ తర్వాత దెబ్బ మీకు కనపడదు. కత్తి బోండంలో దిగి ఉండటమే కనిపిస్తుంది. చెక్కు ఎగిరి పక్కన పడుతుంది, మోచెయ్యి ఇంకాస్త కిందికి వెళ్ళి వెనక్కి వస్తుంది. యానిమేషన్ చదువు సగం అక్కడే ఉంది. వాల్ట్ డిస్నీ దగ్గర పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో పన్నెండు సూత్రాలు చెప్పారు. ఏ పనికైనా ముందు ఒంట్లో కనిపించే సన్నాహం, పని అయిపోయాక ఆగకుండా సాగే కదలిక, ఈ రెండూ వాటిలో ఉన్నాయి. ఆ రెంటినీ బోండాల బండి దగ్గర ఎవరైనా చూడొచ్చు.

ఇప్పుడు క్రీటా తెరవండి. కుడివైపు పైమూలన వర్క్‌స్పేస్ ఎంచుకునే గుర్తు ఉంటుంది, అందులో యానిమేషన్ ఎంచుకోండి. కింద టైమ్‌లైన్ వస్తుంది. సెకనుకి 24 ఫ్రేములు ఉంటాయి. బెదిరిపోకండి, ఇరవై నాలుగు బొమ్మలూ గీయక్కర్లేదు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడితే సెకనుకి పన్నెండు చాలు. సున్నా, రెండు, నాలుగు... అలా ఇరవై రెండో ఫ్రేము వరకూ గీయండి. తర్వాతి బొమ్మ వచ్చేదాకా ముందు బొమ్మ దానంతటదే నిలబడి ఉంటుంది.

ఈ పన్నెండు బొమ్మలని ఎలా పంచుతారన్నదే అసలు పని. నన్నడిగితే కత్తి ఎత్తడానికి అయిదు ఇవ్వండి. మొదటి మూడూ దూరం దూరంగా, నాలుగూ అయిదూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడేంత దగ్గరగా. అక్కడే కత్తి ఆగినట్టు కనిపిస్తుంది. దెబ్బకి ఒకే ఒక్క బొమ్మ, అందులో కత్తి అప్పటికే బోండంలో దిగి ఉండాలి. మధ్యలో ఇంకో బొమ్మ పెడదామని చెయ్యి లాగుతుంది, పెట్టకండి. పెట్టారా, కత్తి పదును పోయి అట్లకాడ అయిపోతుంది. తర్వాత రెండు బొమ్మల్లో చెక్కు ఎగరాలి. మిగతా నాలుగూ చెయ్యి కుదురుకోవడానికి. తొందరలో చాలామంది ఈ చివరి నాలుగూ ఎగ్గొడతారు. అప్పుడు బండివాడు బొమ్మల కొలువులో బొమ్మలా బిగుసుకుపోతాడు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు గీసిన బొమ్మ మసకగా కనపడకపోతే ఈ దూరాలు అంచనాకి రావు. దానికే ఆనియన్ స్కిన్ ఉంది. టైమ్‌లైన్‌లో లేయరు, అంటే బొమ్మ గీసే పొర, దాని పక్కన చిన్న బల్బు గుర్తు ఉంటుంది, నొక్కండి. వెనకటి బొమ్మ ఎర్రగా, తర్వాతిది ఆకుపచ్చగా నీడలా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు ఇక్కడే చిక్కుకుంటారు. తెల్ల రంగు పూసిన లేయరు మీదే బొమ్మ గీస్తారు, బల్బు వెలిగించినా నీడ కనపడదు, సాఫ్ట్‌వేర్ పాడైందనుకుంటారు. తెలుపు అడ్డుపడితే నీడ ఎలా కనిపిస్తుంది? బండి, చెట్టు, రోడ్డు ఇవన్నీ కింద ఒక లేయరులో వేసి, మనిషిని దానిపైన ఖాళీ లేయరులో గీయండి.

మనిషి మొత్తాన్ని పన్నెండుసార్లు గీయడం కష్టమనిపిస్తే, ఒళ్ళు ఒక లేయరులో ఉంచి చెయ్యి మాత్రం ఇంకో లేయరులో గీయండి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు చేసేది ఇదే. భుజం, మోచెయ్యి విడివిడిగా కత్తిరించి దారంతో ముడివేస్తారు, ఒక్క పుల్ల కదిలిస్తే హనుమంతుడు గద ఎత్తుతాడు. ఎక్కడ కీలు పెట్టాలో వాళ్ళ బొమ్మలు చూసి నేర్చుకోవచ్చు. మనకి ఛోటా భీమ్‌ని ఇచ్చిన హైదరాబాద్ గ్రీన్ గోల్డ్ గురించి అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. కానీ యానిమేషన్ నేర్చుకునే మన పిల్లలకి ఒక్క తోలుబొమ్మైనా చేతికిచ్చి చూపించాలని నాకు గట్టిగా ఉంటుంది.

సామగ్రి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గ్రాఫిక్ టాబ్లెట్ ఉంటే సుఖం, లేకపోతే మౌసుతోనే మొదలెట్టండి. మనిషిని గీతలతో వేసినా దెబ్బ దెబ్బలాగే ఉంటుంది. ఫ్రేములన్నీ కంప్యూటరు మెమరీలో కూర్చుంటాయి కాబట్టి పాత మెషీన్ అయితే కాన్వాస్ చిన్నదిగా, 1280 బై 720లో పెట్టుకోండి. అంతా అయ్యాక ఫైల్ మెనూలో రెండర్ యానిమేషన్ నొక్కితే వీడియో అవుతుంది. ఇంతకుముందు దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో సరుకు విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది, 5.2 వెర్షన్ నుంచి అది లోపలే వస్తోంది.

బోండం కుదిరిందా, ఇక హార్బరు వైపు వెళ్ళి క్రేను చూడండి. క్రేను ఆగుతుంది, దానికి వేలాడే పెట్టె ఆగదు, ఇంకా ఊగుతుంది. ఒక్కో ఊపుకీ కాస్త కాస్త తగ్గుతూ పోతుంది. దానికి పన్నెండు చాలవు, ముప్ఫై ఆరు తీసుకోండి. గీశాక ఇంట్లోవాళ్ళకి చూపించి, బొమ్మ బాగుందా అని కాకుండా, ఆ పెట్టె ఎన్ని టన్నులుంటుందో చెప్పమని అడగండి.