కలుజు కింద బీట

కార్బురేటరును ఎవరైనా అచ్చ తెలుగులో పిలవగా నేనింతవరకూ వినలేదు. పండితులెవరో దానికొక పేరు పెట్టే ఉంటారు గాని, ఆ పేరుతో అడిగితే ఏ దుకాణంలోనూ సామాను దొరకదు. అయితే దాని లోపల జరిగే పనికి మాత్రం మా నెల్లూరు జిల్లాలో తాతలనాటి నుంచీ మాటలున్నాయి: చెరువు, తూము, కలుజు. చెరువు కింద సేద్యం చేసిన ఇంటివారికి కార్బురేటరును అర్థం చేసుకోవడానికి ఈ మూడూ చాలు. మైపాడులో మా మేనమామగారి పాత మోటారు సైకిలు కారడం మొదలుపెట్టినప్పుడు నాకు అక్కరకొచ్చినవి ఈ మాటలే.

మైపాడు నెల్లూరుకు తూర్పున, రమారమి 25 కిలోమీటర్ల దూరాన, సముద్రపుటొడ్డున ఉంది. సెలవునాడు వచ్చేవారికి అక్కడ అలలూ, ఇసుకా, సరుగుడు తోపులూ కనిపిస్తాయి. కాపురముండేవారికి వీటికంటే ముందు తెలిసొచ్చేది ఉప్పుగాలి. కిటికీ ఊచల నుంచి సైకిలు చువ్వల దాకా అది ముట్టని లోహం లేదు. ఇనుమైతే ఎర్రగా తుప్పు పడుతుంది. కార్బురేటరు పోతపోసిన జింకు మిశ్రమమైతే తెల్లటి పొడిగా రాలుతుంది.

మామయ్య బండి హీరో హోండా సీడీ 100. ఆ మోడలు 1985లో బజారుకొచ్చింది. నింపు, మూయి, మరచిపో అని దాని ప్రకటన ఆ రోజుల్లో దేశమంతా మారుమోగింది. మామయ్య కొన్నది 1992లో, తీరమంతా వరిమళ్ళు రొయ్యల గుంటలుగా మారుతున్న కాలంలో, తొలి పంట డబ్బుతో. తరవాతి కథ ఈ తీరంలో చాలామందికి తెలిసినదే. 1994లో తెగులు తగిలి గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ డబ్బుతో కొన్నవన్నీ ఒక్కొక్కటిగా ఇల్లు దాటిపోగా బండి ఒక్కటే మిగిలింది. 15 ఏళ్ళు నిండినప్పటి నుంచీ అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ దాన్ని కాపాడుకొస్తున్నారు. ఇప్పుడాయనకు కౌలుకు తీసుకున్న గుంట ఒకటుంది. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గితే రొయ్య దక్కదు గనుక, ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి అర్ధరాత్రి కూడా ఆయన ఆ బండి మీదే వెళ్ళిరావాలి.

అటువంటి బండి 2025 సంక్రాంతికి కాస్త ముందు కారడం మొదలుపెట్టింది. వసారాలో నిలిపితే కింద స్టీలు గ్లాసు పెట్టవలసిన స్థితి. నాలుగడుగుల అవతల వంటగది. అత్తయ్య పొయ్యి వెలిగించే ముందు వసారా తలుపు మూసి, వాసన వస్తోందేమోనని ఒక్క క్షణం ఆగి చూసేది. నెల్లూరులో ఒక మెకానిక్కు ఫ్లోటు పిన్ను మార్చాడు, మళ్ళీ కారింది. ఫ్లోటు మార్చాడు, మళ్ళీ కారింది. చివరకు కార్బురేటరే కొత్తది వేయాలన్నాడు. హైదరాబాదులో ఉన్న కొడుకులు, దూరం నుంచి సలహాలిచ్చే అందరు కొడుకుల్లాగే, బండిని తూకానికి వేసెయ్యమన్నారు. ఈ వయసులో అర్ధరాత్రి ప్రయాణాలేమిటన్నది వారి అసలు బాధ. అది తప్పనలేను.

ఇక్కడ కాస్త యంత్రం లోపలికి వెళదాం. కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అదే మన చెరువు. 1893లో జర్మనీలో విల్హెల్మ్ మేబాహ్ స్ప్రే కార్బురేటరును తయారుచేసిన నాటి నుంచీ దీని సూత్రం ఒకటే: గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టాన నిలవాలి. అందుకోసం ఒక ఫ్లోటు తేలుతూ ఉంటుంది. పెట్రోలు పెరిగితే అదీ పైకి లేచి, తన మీదనున్న పిన్నును రంధ్రంలోకి నెట్టి దారి మూసేస్తుంది. ఇది తూము. ఎప్పుడైనా తూము సరిగా మూసుకోక మట్టం మించితే ఆ పెట్రోలు ఇంజనులోకి పోకుండా, గిన్నె మధ్యలో నిలబెట్టిన సన్నని ఇత్తడి గొట్టం పైఅంచు మీదుగా పొర్లి బయటికి పోతుంది. ఇదే కలుజు. తెలంగాణలో మత్తడి అంటారు, సీమలో మరవ, మరికొన్ని చోట్ల అలుగు. పేరేదైనా, కట్ట తెగకుండా చూడడమే దాని ధర్మం.

కలుజు గొట్టంలోంచి పెట్రోలు వస్తోందంటే తూము మూసుకోవడం లేదన్నమాటే. చాలామటుకు కారణమూ అదే గనుక ఆ మెకానిక్కును నిందించలేము. పిన్ను మొన మీద అరుగుడు గీత పడవచ్చు. రంధ్రంలో తుప్పు నలుసు ఇరుక్కోవచ్చు. గిన్నెను స్క్రూడ్రైవరు పిడితో నెమ్మదిగా రెండుసార్లు తడితే నలుసు జారి కారుడు ఆగడమూ కద్దు. ఫ్లోటుకు చిల్లి పడి లోపల పెట్రోలు చేరితే అది తేలడం మానేస్తుంది. చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది, వేడినీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. ఇవన్నీ చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. గిన్నె అంచున రబ్బరు రింగు పొడిగానే ఉంది.

అప్పుడు మామయ్య ఒక మాటన్నారు. "ఒక సంగతబ్బయా. రాత్రి ట్యాపు కట్టేసినా శానాసేపు కారతా ఉంటుంది. ఆ మెకానిక్కుకూ చెప్పినా, వాడు ఇన్లా."

తాళంచెవి ఆ మాటలోనే ఉంది. తూము పాడైన చెరువులో, పైనుంచి వచ్చే నీటిని ఆపేస్తే కలుజు పారకం వెంటనే ఆగిపోవాలి. చెరువు మాత్రం నిండుగానే ఉండాలి. పారకం ఆగకుండా చెరువు అడుగంటుతూ ఉంటే, నీరు కలుజు మీదుగా పొర్లడం లేదన్నమాట. కలుజు గోడలోనే ఎక్కడో బీట ఉంది. ఆ రాత్రి బండిని ఆరుబయట నిలిపి ట్యాపు కట్టేశాం. తెల్లవారి గిన్నె అడుగున ఉండే డ్రైన్ స్క్రూ విప్పి చూస్తే నిండుగా ఉండవలసిన పెట్రోలు రెండు చెంచాలు మిగిలింది. ఆ స్క్రూయే కారుతోందేమోనన్న అనుమానానికీ సమాధానం ఈ రెండు చెంచాలే. స్క్రూ కారితే చివరి చుక్క కూడా మిగలకూడదు గదా!

గిన్నెను ఊడదీసి, పాత దినపత్రిక పరచి, దానిమీద ఎత్తుగా నిలిపి, ఇత్తడి గొట్టం అంచుకు కొంచెం దిగువ వరకూ సిరంజీతో పెట్రోలు పోశాం. అయిదు నిమిషాలు గడిచేసరికి కాగితం మీద తడి మచ్చ. భూతద్దం పెట్టి చూస్తే గొట్టం పొడవునా తలవెంట్రుకంత సన్నని నెర్ర. తూమును రెండుసార్లు మార్చినా ఆగని కారుడు అక్కడ పుడుతోంది.

గిన్నెను సబ్బునీళ్ళతో కడిగి, పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా ఒక రోజంతా ఎండలో ఉంచి, నెల్లూరులో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గరకు తీసుకువెళ్ళాం. వేడి ఎక్కువైతే గిన్నె కరిగిపోతుంది గనుక ఆయన చాలా ఓర్పుగా, గొట్టం చుట్టూ పలచగా సీసం మాటు వేశాడు. మళ్ళీ పెట్రోలు పోసి గంటసేపు చూశాం. కాగితం పొడిగా ఉంది. ఇంజను ఆయిలు కూడా మార్పించాం. కారే కార్బురేటరు పెట్రోలు కొంత లోపలికి దిగి ఆయిలును పలచన చేసి ఉంటే ఇంజను అరిగిపోతుంది.

ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలు ఈ బండి పుట్టినప్పటిది కాదు. 20 శాతం ఎథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది; తేమ మితిమీరితే రెండూ కలిసి అడుగుకు దిగుతాయి. పాతకాలపు రబ్బరుకూ దానికీ పడదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగై ఇంజెక్షను వచ్చింది గనుక కొత్తవారికి ఈ బెడద లేదు. సముద్రం పక్కన పాత బండి ఉంచుకున్నవారు మాత్రం రాత్రి ట్యాపు కట్టేయడం, నెలకొకసారి డ్రైన్ స్క్రూ విప్పి గాజు గ్లాసులో పట్టి అడుగున నీరుందేమో చూడడం, వాడని బండి గిన్నెను ఖాళీగా ఉంచడం మంచిది. మూసి మరచిపోవలసినది పైన ట్యాంకు మూత ఒక్కటే.

కారుడు ఆగినంత మాత్రాన కొడుకుల ఆందోళన తీరదని నాకు తెలుసు. మామయ్యకు 74 ఏళ్ళు. ఆ దారిలో దీపాలు తక్కువ. ఏదో ఒక రోజు ఆయన ఆ బండి దిగక తప్పదు. కాని ఎప్పుడు దిగాలో నిర్ణయించవలసింది ఆయనే. ఇత్తడి గొట్టంలోని వెంట్రుకవాసి నెర్ర కాదు. ఆయన మాట ఒక్కరు చెవిన వేసుకుని ఉంటే ఈ పని మొదటి రోజే అయిపోయేదన్నది మాత్రం నన్ను ఇంకా నొప్పిస్తూనే ఉంది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే బండి నడిపిన మనిషి "ట్యాపు కట్టేసినా కారుతోంది" అన్నప్పుడు, అది ముసలివారి చాదస్తం కాదు. యంత్రం పక్షాన చెప్పే సాక్ష్యం.